పుట్ అప్ విత్: కడుపులో పెట్టుకోవడమా, పంటి బిగువున ఉండటమా?

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయం వార్షికోత్సవంలో, రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారమండీ. బాబూ, ఆ మైకు కాస్త కిందకి దించు. ఆ, చాలు.

ఆహ్వాన పత్రికలో నా ప్రసంగం పేరు ‘ఆంగ్ల భాషా సౌందర్యం’ అని వేశారు. అంత పెద్ద పేరుకి నేను తూగనండి. హైస్కూలు పిల్లలకి ముప్పై ఏళ్ళు పైచిలుకు ఇంగ్లిష్ చెప్పినవాణ్ణి, అంతే. అందుకని ఇవాళ మూడే మూడు మాటలు మాట్లాడతాను. పుట్, అప్, విత్. విడివిడిగా అయితే ఈ మూడూ మూడో తరగతి పిల్లాడికి కూడా వచ్చు. పుట్ అంటే పెట్టు. అప్ అంటే పైకి. విత్ అంటే తో. మూడూ కలిపితే ఏమొచ్చింది? ‘తో పైకి పెట్టు’. ఏమన్నా అర్థమైందా? నాకూ కాలేదు, నేను చదువుకునే రోజుల్లో.

ఈ మాటే ఎందుకు పట్టుకున్నానో చెబుతాను. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు, బాగా తెలివైనవాడు, ఉద్యోగం ఇంటర్వ్యూకని హైదరాబాద్ వెళ్ళాడు. వాళ్ళ మేనమామ ఇంట్లో దిగాడు. ఇంటర్వ్యూలో మాటల మధ్య, ఊళ్ళో ఎక్కడ ఉంటున్నావయ్యా అని అడిగారట. వీడు ధైర్యంగా ‘మై అంకుల్ ఈజ్ పుటింగ్ అప్ విత్ మీ సార్’ అన్నాడు. అక్కడ కూర్చున్న పెద్దాయన నవ్వు ఆపుకుని, ‘పాపం, ఎన్నాళ్ళ నుంచి?’ అన్నాడట. వీడు ‘మూడు రోజుల నుంచి సార్, ఇంకో వారం కూడా’ అన్నాడు. (నవ్వులు)

వీడు చెప్పదలుచుకున్నది ‘మా మావయ్య నన్ను వాళ్ళింట్లో ఉంచుకున్నాడు’ అని. అవతలివాళ్ళకి వినిపించింది ‘మా మావయ్య నన్ను ఎలాగో భరిస్తున్నాడు’ అని. ఉద్యోగం వచ్చిందిలెండి. నిజం ఒప్పుకున్నాడని ఇచ్చి ఉంటారు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, ‘మీ’ అనే చిన్న మాటని ఎక్కడ పెట్టాడన్న దాంట్లో. ‘పుట్ మీ అప్’ అంటే నాకు బస ఇచ్చారు, ఇంట్లో పెట్టుకున్నారు. ‘పుట్ అప్ విత్ మీ’ అంటే నన్ను సహించారు. మాట మధ్యలో ఉంటే మర్యాద, చివరికి వెళ్తే తంటా. ఇంకో సంగతి, మన దేశంలో ‘వేర్ ఆర్ యూ పుటింగ్ అప్?’ అని అడగడం బాగా అలవాటు. పెళ్ళికి వెళ్తే విడిదిలో ఎవరో ఒకరు అడుగుతారు. ఇంగ్లండులో అయితే ‘వేర్ ఆర్ యూ స్టేయింగ్?’ అనే ఎక్కువగా అంటారు. మనది తప్పు కాదు. పాత ఇంగ్లిష్‌లో ప్రయాణికులు సత్రంలో దిగడాన్ని పుట్ అప్ అనే అనేవారు. అక్కడ పాతబడిన మాట ఇక్కడ ఇంకా కొత్తగా తిరుగుతోంది.

సరే, బస సంగతి పక్కన పెడదాం. చూశారా, ‘పక్కన పెడదాం’ అన్నాను! మన పెట్టు కూడా వాళ్ళ పుట్ లాంటిదే, ఒక చోట నిలవదు. అన్నం పెడతాం. దణ్ణం పెడతాం. పిల్లాడికి పేరు పెడతాం. మళ్ళీ వాడికే చీవాట్లు పెడతాం. పని మొదలుపెడతాం, చేలో డబ్బు పెడతాం, అది రాకపోతే కన్నీళ్ళు పెడతాం. ఎవరికన్నా కలిసొస్తే ‘పెట్టి పుట్టాడు’ అంటాం. ఒక తెల్లవాడు మన ఊరొచ్చి తెలుగు నేర్చుకుంటే ఈ ‘పెట్టు’ దగ్గర ఎంత బాధపడతాడో ఆలోచించండి. బ్రౌన్ దొర పడ్డాడు మరి. మన రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసినాయనే. ఆయన తెలుగు నిఘంటువు అచ్చయింది 1852లో. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిందీ ఆ ఏడే. ఒకాయన మన నీళ్ళకి కట్ట కట్టాడు, ఒకాయన మన మాటలకి కట్టాడు. నీళ్ళే కాస్త మాట విన్నాయనుకుంటాను.

అన్నట్టు ఆడవాళ్ళకి ఒక సంగతి. మనం ఊరగాయ పెడతాం కదా? వేసవిలో ఆవకాయ ‘పెట్టారా’ అనే అడుగుతాం, ‘చేశారా’ అనం. అమెరికాలో పల్లెటూరి పెద్దవాళ్ళు కూడా పళ్ళూ కూరగాయలూ సీసాల్లోకెత్తి ఏడాది పొడుగునా నిల్వ ఉంచడాన్ని ‘పుట్ అప్’ అనే అంటారు. ‘షీ పుట్ అప్ పికిల్స్’ అంటే ఆవిడ ఊరగాయలు పెట్టింది. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. జాడీలో పెట్టి మూత పెట్టే పనికి ఇద్దరికీ అదే మాట తట్టింది.

ఇక అసలు మాట. పుట్ అప్ విత్. డిక్షనరీ తీస్తే సహించు, భరించు, ఓర్చుకొను అని ఉంటుంది. పరీక్షకి అది చాలు. మాట్లాడ్డానికి చాలదు. ఎందుకు చాలదో చెప్పడానికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

పాత ఇంగ్లిష్‌లో ‘పుట్ అప్’ అంటే కత్తిని తిరిగి ఒరలో పెట్టడం. ఇక్కడ చర్చికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీకు తెలిసిన ఘట్టమే. యేసును పట్టుకోవడానికి వచ్చినప్పుడు పేతురు కత్తి దూసి ఒకడి చెవి నరుకుతాడు. అప్పుడు యేసు కత్తి ఒరలో పెట్టమంటాడు. యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయం. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో అక్కడున్న మాట ‘పుట్ అప్ దై స్వోర్డ్’. అదే కాలంలో పుట్ అప్‌కి ఇంకో వాడుక కూడా ఉంది. ఎవరన్నా అవమానం చేస్తే బదులు తీర్చుకోకుండా లోపలే పెట్టేసుకోవడం. షేక్‌స్పియర్ ఒథెల్లోలో మోసపోయినవాడొకడు, ఇన్నాళ్ళూ తెలివితక్కువగా పడ్డదాన్ని ఇక నోరు మూసుకుని ‘పుట్ అప్’ చెయ్యలేను అంటాడు. అప్పటికి పక్కన విత్ లేదు. పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి విత్ వచ్చి అతుక్కుంది, ఇక వదల్లేదు.

నాకైతే ఆ కత్తీ ఈ అవమానమూ పక్కపక్కనే కనిపిస్తాయండి. కత్తి దుయ్యగలడు, కానీ దుయ్యలేదు, ఒరలో పెట్టాడు. కత్తి లేకుండా పోలేదు, లోపల ఉంది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే మాట పట్టుబడినట్టే. పుట్ అప్ విత్ అన్నవాడికి కోపం తగ్గలేదు. బయటికి తియ్యలేదు, అంతే.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మనకీ ఇలాగే ‘లోపల పెట్టుకునే’ మాట ఒకటుంది. పెళ్ళయ్యాక మగపెళ్ళివారు బయల్దేరుతుంటే పిల్ల తండ్రి చేతులు పట్టుకుని ఏమంటాడు? ‘ఏమన్నా లోటుపాట్లుంటే కడుపులో పెట్టుకోండి బావగారూ’ అంటాడు. పెట్టుకోండి! వాళ్ళు ఒరలో పెడితే మనం కడుపులో పెట్టాం. మొదట్లో నేను క్లాసులో ఇదే చెప్పేవాణ్ణి, పుట్ అప్ విత్ అంటే కడుపులో పెట్టుకోవడంరా అని. చాలా ఏళ్ళు చెప్పాను. అది తప్పు. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎవరన్నా ఉంటే ఇవాళ దిద్దుకోండి. (నవ్వులు)

ఎందుకు తప్పంటే, కడుపులో పెట్టుకోవడంలో ప్రేముంది. తల్లి బిడ్డ తప్పుని కడుపులో పెట్టుకుంటుంది, దాంతో అది అరిగిపోతుంది. పుట్ అప్ విత్‌లో ఏదీ అరగదు. అది పంటి బిగువున ఉండటం. మీ బావగారికి మీరు ఇంగ్లిష్‌లో ‘ప్లీజ్ పుట్ అప్ విత్ అస్’ అన్నారనుకోండి, ‘మేం మనుషులం ఇంతే, మీ ఖర్మ, పడండి’ అన్నట్టుంటుంది. బ్యాంకుకో గ్యాస్ కంపెనీకో ఫోన్ చేస్తే ‘ప్లీజ్ బేర్ విత్ అస్’ అంటారు చూడండి, అది వేరు. కాస్త ఓపిక పట్టండి అని మర్యాదగా అడగడం. బేర్ విత్ అడుక్కునే మాట. పుట్ అప్ విత్ నిష్ఠూరపు మాట.

మరి దానికి సరైన తెలుగు ఏమిటి? చాలా వెతికాను. చివరికి అది మా ఇంట్లోనే దొరికింది. మా ఆవిడ రోజుకి రెండుసార్లు అనేదే. ‘మీతో వేగలేక చస్తున్నాను’. (నవ్వులు) నవ్వకండి, వ్యాకరణం చూడండి. మీ‘తో’ వేగడం. పుట్ అప్ ‘విత్’ యూ. తో దగ్గర తో, విత్ దగ్గర విత్. అత్తగారితో వేగడం, తాగుబోతుతో వేగడం, పక్కింటివాడి మైకుతో వేగడం. మూకుట్లో గారె వేగినట్టు మనిషి సెగ మీద ఉన్నాడు, పొయ్యి దిగి రాలేడు. ‘హౌ డు యూ పుట్ అప్ విత్ హిమ్?’ అన్నదాన్ని మన గోదావరి జిల్లా తెలుగులో చెప్పమంటే, ‘ఆయనతో ఎలా వేగుతున్నావే తల్లీ?’ ఇంతకంటే దగ్గర మాట నాకు కనిపించలేదు. డిక్షనరీ వేసేవాళ్ళు ఇది రాయరు, మరీ ఇంట్లో మాట అని కాబోలు. కానీ పుట్ అప్ విత్ కూడా వాళ్ళింట్లో మాటేనండి! కోర్టు కాగితంలోనూ కలెక్టర్ గారికి పెట్టే అర్జీలోనూ అది రాయరు. అక్కడ టాలరేట్ అనో ఎండ్యూర్ అనో రాస్తారు.

వేగడం ఎక్కువగా మనుషులతో. దోమలకీ కరెంటు కోతకీ ‘పడుతున్నాం’ అంటాం. ‘ఈ దోమలతో పడుతున్నాం’. పుట్ అప్ విత్ రెండింటికీ పనికొస్తుంది. మనిషికీ, దోమకీ.

ఇప్పుడు ఇంకో తేడా. ఇది బాగా వినండి, మన లంకలవాళ్ళకి దీని అవసరం ఉంది. పుట్ అప్ విత్ ఎంత పెద్ద కష్టానికి వాడొచ్చు? నరసాపురం వెళ్ళాలని సఖినేటిపల్లి రేవులో నిలబడ్డారు. ఏరు దాటించే పంటు పడవ అవతలి ఒడ్డున ఉంది. అరగంట ఎండలో నిలబడాలి. ‘వుయ్ పుట్ అప్ విత్ ద వెయిటింగ్’. బాగుంది. వరదల కాలంలో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికి మన లంకల్లో కాజ్‌వేలు మునగడం మొదలవుతుంది, పాలూ కూరలూ పడవ మీద రావాలి, పిల్లల బడి పోతుంది. ఏటా ఉండే తంటాయే. దానికీ పుట్ అప్ విత్ అనొచ్చు, ప్రతి ఏడూ పడుతున్నాం అనే విసుగు అందులో సరిగ్గా పలుకుతుంది.

కానీ 1986 ఆగస్టులో వచ్చిన వరద ఉంది. ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు. గట్లు తెగి ఊళ్ళు మునిగాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఉంది. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కోనసీమలో కొబ్బరి చెట్లు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. ఇక్కడ పెద్దవాళ్ళందరికీ తెలుసు, నేను చెప్పక్కర్లేదు. దానికి పుట్ అప్ విత్ అనకూడదు. ‘వుయ్ పుట్ అప్ విత్ ద సైక్లోన్’ అంటే దోమ కుట్టినట్టు మాట్లాడినట్టవుతుంది. అక్కడ ఎండ్యూర్ అనాలి, సఫర్ అనాలి, లివ్ త్రూ అనాలి. ఈ మాట చిరాకుకి, దుఃఖానికి కాదు. కొడుకు పోయిన తల్లి దగ్గరికెళ్ళి దీన్ని వాడినవాడికి ఇంగ్లిష్ రాదనే కాదు, మనిషితనం కూడా రాదనుకుంటారు.

వ్యాకరణం రెండు ముక్కల్లో ముగిస్తాను, టీ చల్లారిపోతుందని సెక్రటరీ గారు నాకేసి చూస్తున్నారు. పుట్‌కి భూతకాలంలోనూ పుట్టే. పుటెడ్ అనేది లేదు. మూడు మాటల మధ్యలో ఇంకేదీ దూర్చకూడదు. ‘పుట్ హిమ్ అప్ విత్’ తప్పు, ‘పుట్ అప్ విత్ హిమ్’ ఒప్పు. విత్ తర్వాత నామవాచకం రావాలి, లేకపోతే ఐఎన్‌జీ రూపం. ‘పుట్ అప్ విత్ వెయిటింగ్’ అనాలి, ‘టు వెయిట్’ అనకూడదు. పలికేటప్పుడు బరువు అప్ మీద వెయ్యండి. మూడూ కలిసి ‘పుటప్‌విత్’ అని ఒక్క మాటలా రావాలి. మనవాళ్ళు మూడింటినీ మూడు ఇటుకల్లా పేరుస్తారు, అదొక్కటి మానుకోండి.

విత్ చివర్లో ఉంటే తప్పని పూర్వం కొందరు పంతుళ్ళు గోల చేసేవారు. వాక్యాన్ని ప్రిపోజిషన్‌తో ముగించకూడదని ఒక నియమం పట్టుకున్నారు. దాని మీదే ఒక కథ ఉంది. ఎవరో గుమస్తా ఆ నియమం చూపించి వాక్యం దిద్దితే, చర్చిల్ పక్కన ‘దిస్ ఈజ్ ద సార్ట్ ఆఫ్ ఇంగ్లిష్ అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్’ అని రాశాడని చెప్పుకుంటారు. మాటని తలకిందులు చేసి వేళ్ళాడదీస్తే ఎలా ఉంటుందో చూపించాడన్నమాట. ఆయనే అన్నాడనడానికి గట్టి ఆధారం లేదు. తెలివైన మాట దొరికితే పెద్దవాళ్ళ ఖాతాలో వేసేస్తారు, మనం చాటువులన్నీ శ్రీనాథుడికి అంటగట్టినట్టు. ఎవరన్నా గానీ, ఆ వాక్యం ముందు నియమం నిలవలేదు.

ఆ కథలో ఇంకో సంగతి ఉంది. ‘విల్ నాట్’. ఈ మాటకి ‘నాట్’ అంటే ఎక్కువ ఇష్టం. నేను భరిస్తాను అనడం కంటే ‘ఇక భరించను’ అనడానికే దీన్ని ఎక్కువగా తీస్తారు. ‘ఐ వోంట్ పుట్ అప్ విత్ ఇట్ ఎనీ మోర్’. దానికి తెలుగు వేగను కాదు, ఓర్చుకోను కాదు. ‘ఇక ఊరుకునేది లేదు’. అక్కడే ఒర లోంచి కత్తి కాస్త పైకి వస్తుంది. లేకపోతే ప్రశ్నలో వస్తుంది. ‘వై డు యూ పుట్ అప్ విత్ ఇట్?’ ఎందుకు పడుతున్నావు?

ఈ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఇందాక రాగానే డిగ్రీ చదివే అమ్మాయి ఒకత్తె నన్ను అడిగింది, సర్దుకుపోవడాన్ని పుట్ అప్ విత్ అనొచ్చా మాస్టారూ అని. అనలేమమ్మా. సర్దుకుపో అనేది మనకి సలహా. అత్తారింటికి వెళ్ళే పిల్లకి తల్లీ, పిన్నీ, వీధి చివర అమ్మమ్మగారూ అందరూ చెబుతారు, సర్దుకుపోవాలమ్మా అని. అది విన్నవాళ్ళు తలూపుతారు. ఇంగ్లిష్‌వాళ్ళు పిల్లని పంపిస్తూ ‘పుట్ అప్ విత్ ఇట్’ అని చెబితే వినేవాళ్ళు ఉలిక్కిపడతారు, అక్కడేదో తప్పు జరుగుతోందని. మన మాటలో తప్పు కనపడదు, సర్దుకునే మనిషే కనపడుతుంది. వాళ్ళ మాటలో తప్పు ముందు కనపడుతుంది. నా చెల్లెలికి నేను కూడా ఆ మాట చెప్పాను, నలభై ఏళ్ళ కిందట. ఇంగ్లిష్ మాస్టారిననే కానీ, అప్పుడు ఇంగ్లిష్‌లో చెప్పి చూసుకోలేదు. చూసుకుని ఉంటే నోట్లోంచి వచ్చేది కాదేమో.

సరే. పుట్ అప్‌తో ఇంకా చాలా ఉన్నాయి. ఇల్లు అమ్మకానికి పెట్టడం ‘పుట్ అప్ ఫర్ సేల్’. ఇలాంటివి డిక్షనరీలో చూసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనకున్న బాబు, నిక్కరు బాబు, లే. గట్టిగా అడుగు.

(ఒక విద్యార్థి: మాస్టారూ, మీరు ఇంగ్లిష్ గురించి చెబుతానని తెలుగే చెప్పారు కదండీ, ఇది పుట్ అప్ విత్ అవుతుందాండీ?)

(నవ్వులు, చప్పట్లు)

అవుతుంది బాబూ, బాగా అవుతుంది. ముప్పావుగంట నుంచి మీరు నాతో వేగుతున్నారు. కానీ ఈ ప్రశ్న నీది కాదు. నీకు ఎవరో ఎక్కించి పంపారు. దీనికీ పుట్ అప్‌తోనే మాట ఉంది, విత్ తీసేసి టు పెట్టాలి. ‘హూ పుట్ యూ అప్ టు దిస్?’ నిన్ను ఎగదోసింది ఎవర్రా? చెప్పు, ఏమీ అనను.

(విద్యార్థి వేదిక మీద కూర్చున్న హెడ్‌మాస్టారి వైపు చెయ్యి చూపించాడు.)